డ్యాష్‌క్యామ్ వీడియో: చూడ్డానికి బాగుందా, చదవడానికి వస్తుందా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సెలవు రోజున ఇంటి పనులు పక్కన పెట్టి కుటుంబాలతో వచ్చిన సహోద్యోగులకు, మా మాటలు వినక తప్పని పిల్లలకు ముందుగా ధన్యవాదాలు.

మనలో చాలామంది ఇళ్లలో స్టాఫ్ వెహికల్ లోన్ మీద కొన్న కారు ఉంది. ఈ మధ్య ఆ కారు ముందు అద్దానికి ఒక చిన్న కెమెరా కూడా చేరుతోంది. అదే డ్యాష్‌క్యామ్. "సార్, కొత్త కెమెరా పెట్టించాను, వీడియో ఎలా ఉందో చూసి చెప్పండి" అని లంచ్ టైమ్‌లో ఫోన్ చేతికిస్తుంటారు. నీలం ఆకాశం, పచ్చని చెట్లు, నల్లటి రోడ్డు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే డ్యాష్‌క్యామ్ విషయంలో "బాగుంది" అనడానికి కొలత వేరు. ఆ కొలత బ్యాంకు వాళ్లకు కొత్తది కాదు.

చెక్ ట్రంకేషన్ సిస్టమ్ మన దేశంలో 2008లో ఢిల్లీలో మొదలైంది. అప్పటి నుంచి క్లియరింగ్‌లో కాగితం బదులు చెక్కు బొమ్మ ప్రయాణం చేస్తోంది. చెక్కు ముందు వైపు గ్రే స్కేల్‌లో 100 డీపీఐతో ఒకటి, నలుపు తెలుపులో 200 డీపీఐతో ఒకటి, వెనక వైపు నలుపు తెలుపులో ఒకటి, మొత్తం మూడు బొమ్మలు తీస్తాం. ఆ బొమ్మ అందంగా ఉందా అని క్లియరింగ్‌లో ఎవరూ అడగరు. తేదీ చదవగలమా, అంకెల్లో అక్షరాల్లో మొత్తం కనిపిస్తోందా, సంతకం పోల్చుకోగలమా, కింద ఎంఐసీఆర్ గీత స్పష్టంగా ఉందా, అవే చూస్తాం. కారు కెమెరా వీడియోను కూడా అలాగే చూడాలి. రేపు ఏదైనా జరిగితే ఎవరో మూడు ప్రశ్నలు అడుగుతారు. ఆ బండి నంబరు ఎంత? సిగ్నల్ ఏ రంగులో ఉంది? ఎవరు ఎవరి లేన్‌లోకి వచ్చారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన వీడియోనే మంచి వీడియో.

ఆ జవాబు విలువ ఎంతో రూపాయల్లో చెబుతాను. గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయి, అది ఏ బండో తేలకపోతే, బాధితులకు మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద నిర్ణీత పరిహారం మాత్రమే వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అదే బండి తేలి, దాని బీమా కంపెనీ ముందుకు వస్తే, చనిపోయిన వ్యక్తి వయసు, ఆదాయం, ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి ట్రిబ్యునల్ పరిహారం లెక్క కడుతుంది. సంపాదించే మనిషి పోయిన ఇంటికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. ఒక్కోసారి ఆ తేడా నంబరు ప్లేటు మీది ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతుంది. ఆ బాధితులు మనమే కానక్కరలేదు. మన కళ్ల ముందు ఎవరినో స్కూటర్ మీద నుంచి పడేసి వెళ్లిన లారీ కావచ్చు.

డబ్బా మీద రాసింది

కొనేటప్పుడు అందరి కళ్లూ డబ్బా మీది పెద్ద అక్షరాల మీదకే వెళ్తాయి. 1080పీ, 2కే, 4కే. ఇవి బొమ్మలో ఎన్ని చుక్కలు ఉన్నాయో చెబుతాయి. 1080పీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, సుమారు 20 లక్షల పిక్సెళ్లు. 4కే అంటే 3840 బై 2160, సుమారు 83 లక్షలు. నాలుగు రెట్లు. మరి నాలుగు రెట్ల దూరం నుంచి నంబరు చదవగలమా? లెక్క వేద్దాం.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు నంబరు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. మన కెమెరా అడ్డంగా 120 డిగ్రీల మేర చూస్తుందనుకుందాం. 1920 పిక్సెళ్లను 120 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 16 పిక్సెళ్లు. 10 మీటర్ల దూరంలో ఉన్న ప్లేటు మీది అక్షరం మన కెమెరాకు డిగ్రీలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. అంటే దానికి దక్కేది సుమారు 6 పిక్సెళ్లు. ఆరు చుక్కల ఎత్తులో 8 అంకె, బీ అక్షరం ఒకేలా ఉంటాయి. 5 మీటర్లకు వస్తే 12 పిక్సెళ్లు దక్కుతాయి, అప్పుడు చదవవచ్చు. అదే 4కే కెమెరా అయితే ఆ 12 పిక్సెళ్లు 10 మీటర్ల దగ్గరే దక్కుతాయి. పిక్సెళ్లు నాలుగు రెట్లు పెరిగితే చదవగలిగే దూరం రెండు రెట్లే పెరిగింది. ఎందుకంటే ఆ నాలుగు రెట్లు నిలువుకు సగం, అడ్డానికి సగం పంచుకున్నాయి. పదో తరగతి పిల్లలు ఈ లెక్క ఇంటికెళ్లి మళ్లీ చేసి చూడండి.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. కొందరు "170 డిగ్రీలు" అని గొప్పగా రాస్తారు. ఎక్కువ వెడల్పు చూస్తే పక్క సందులోంచి వచ్చే బండి కూడా పడుతుంది, నిజమే. కానీ అవే పిక్సెళ్లు ఎక్కువ డిగ్రీలకు పంచాలి కాబట్టి ఒక్కో అక్షరానికి దక్కేవి తగ్గుతాయి. ఇంట్లో పంటను ఎక్కువమందికి పంచినట్టే.

ఇంకో జాగ్రత్త. కొన్ని చవక కెమెరాల్లో లోపలి సెన్సర్ చిన్నది. అది తీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీసి 4కే ఫైలుగా రాస్తుంది. ఫైలు పెద్దదవుతుంది గాని కొత్త వివరం రాదు. అందుకే రెజల్యూషన్ ఒక్కటే కాక, సెన్సర్ పేరు, దాని అసలు మెగాపిక్సెళ్లు ఎంతో కూడా వివరాల్లో వెతకండి. సోనీ స్టార్‌విస్ వంటి, తక్కువ వెలుతురు కోసం చేసిన సెన్సర్లున్న కెమెరాల తయారీదారులు ఆ సంగతి సాధారణంగా రాసుకుంటారు. ఏమీ రాయకపోతే అడగండి.

రాత్రి పరీక్ష

పగటి వెలుతురులో దాదాపు ప్రతి కెమెరా పాసవుతుంది. తేడా తెలిసేది చీకటి పడ్డాకే.

వెలుతురు తగ్గినప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకు షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకు గరిష్ఠంగా సెకనులో ముప్పయ్యో వంతు దొరుకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి అంత సేపట్లో 55 సెంటీమీటర్లు జరుగుతుంది. మనమూ అదే వేగంతో ఎదురు వెళ్తుంటే మన పక్క నుంచి దాటే బస్సు మన లెక్కలో ఒక మీటరుకు పైగా జరుగుతుంది. పెద్ద ప్లేటు మొత్తం వెడల్పే అర మీటరు. ఇక అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పూసినట్టు అలుక్కుపోతాయి. అక్కడ 4కే ఉన్నా లాభం లేదు. ఎండలో సెకనులో వెయ్యో వంతు షట్టర్ దొరికితే అదే బండి 2 సెంటీమీటర్ల లోపే జరుగుతుంది. వెలుతురును బాగా పట్టే సెన్సర్, పెద్ద ఎపర్చర్ లెన్సు ఉంటే రాత్రి కూడా షట్టర్ కొంచెం త్వరగా మూసుకోగలదు. డబ్బు పెట్టాల్సిన చోటు అది.

ఇంకో తిరకాసు మన నంబరు ప్లేటులోనే ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు వస్తున్నాయి. వాటి మీది రేకు మన హెడ్‌లైటు వెలుతురును తిరిగి మన వైపే కొడుతుంది. కంటికి అది మేలు. చాలా కెమెరాలకు మాత్రం చుట్టూ చీకటి, మధ్యలో మెరిసే తెల్ల చతురస్రం కనిపిస్తాయి. చీకటికి తగ్గట్టు షట్టర్ తెరిస్తే ప్లేటు ఉత్త తెల్ల కాగితంలా కాలిపోతుంది. హెచ్‌డీఆర్ అనే ఏర్పాటు ఉన్న కెమెరా వెలుగునూ నీడనూ రెండింటినీ సర్దడానికి ప్రయత్నిస్తుంది. అది పెట్టె మీద ఉండటం వేరు, సెట్టింగుల్లో ఆన్ చేసి ఉండటం వేరు. చూసుకోండి.

సిగ్నల్ లైటు సంగతి కూడా చెప్పాలి. ఎల్‌ఈడీ దీపం కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది గాని, కొన్ని సిగ్నళ్లలో అది కరెంటుతో పాటు సెకనుకు ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంది. కెమెరా సరిగ్గా ఆరిన క్షణాన్నే పట్టుకుంటే వీడియోలో సిగ్నల్ వెలగనట్టు ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. కెమెరా మెనూలో 50, 60 అని రెండు ఎంపికలుంటే 50 పెట్టండి. రాత్రి పూట ఎర్ర లైటు మరీ ప్రకాశంగా నమోదైతే మధ్యలో పసుపుగానో తెల్లగానో కనిపించవచ్చు. "నాకు గ్రీన్ ఉంది" అని ఇద్దరూ వాదించుకునే చోట ఆ రంగే కదా సాక్ష్యం!

ఇంట్లో చేసుకునే తనిఖీ

ఆన్‌లైన్‌లో కొన్నా, దుకాణంలో కొన్నా, తిరిగి ఇచ్చే గడువు లోపల ఈ తనిఖీ ముగించండి. ఖర్చు లేదు. ఒక టేపు, ఒక కంప్యూటరు, ఇంట్లో ఇంకో మనిషి చాలు.

ముందుగా ఒక నియమం. కెమెరా వై-ఫైతో ఫోన్ యాప్‌లో కనిపించే లైవ్ బొమ్మను చూసి తీర్పు చెప్పకండి. చాలా కెమెరాల్లో అది తగ్గించిన బొమ్మ. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన క్లిప్పు అసలే వద్దు. దాన్ని ఆ యాప్ మళ్లీ కుదిస్తుంది. మెమరీ కార్డు బయటికి తీసి, అసలు ఫైలును కంప్యూటరు తెర మీద చూడండి. వీడియో ఆపి, ఒక్కో ఫ్రేము ముందుకు జరపండి.

మొదటి పరీక్ష అపార్ట్‌మెంట్ పార్కింగులో. మన కారు నిలిపి, ఎదురుగా ఇంకో కారు ఉండేలా చూసి, 3, 5, 8, 10 మీటర్ల దూరాల్లో ఒక్కో నిమిషం రికార్డు చేయండి. తర్వాత ఆ వీడియోను ఆ కారు నంబరు తెలియని మనిషికి చూపించి చదవమనండి. ఇది చాలా ముఖ్యం. నంబరు ముందే తెలిస్తే మన కన్ను మసకలో కూడా దాన్ని "చదివేస్తుంది". మన బ్యాంకులో ఎంట్రీ చేసినవాళ్లే ఆథరైజ్ చేయకూడదని మేకర్–చెకర్ పద్ధతి ఎందుకు పెట్టారో ఇక్కడా అందుకే. కెమెరా కొన్న మనిషి మేకర్. చెకర్‌గా అమ్మాయినో, అబ్బాయినో, అత్తగారినో పెట్టండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ, అంతకు ముందువాటికి టీఎస్ ఉంటాయి. రెండో అక్షరం స్పష్టంగా చెప్పగలిగారా అన్నది కూడా అడగండి.

రెండో పరీక్ష ఎండకు ఎదురుగా. సాయంత్రం సూర్యుడు దిగుతుండగా పడమటి రోడ్డు మీద ఒక పది నిమిషాలు వెళ్లండి. ముందున్న బండి నల్లటి నీడగా మిగిలిందా, లేక దాని రంగు, నంబరు తెలుస్తున్నాయా?

మూడో పరీక్ష రాత్రి. వీధి దీపాలున్న రోడ్డు మీద ఒకసారి, దీపాలు లేని చోట ఇంకోసారి. ముందు బండి ప్లేటు, ఎదురు బండి ప్లేటు, రెండూ చూడండి. నాలుగోది సిగ్నల్ దగ్గర. మూడు రంగులూ మారే దాకా ఆగి, ప్రతి రంగూ సరిగ్గా నమోదైందో లేదో చూడండి. ఐదోది వాన. వాన కోసం ఆగక్కరలేదు, వైపర్ నీళ్లు చల్లి చూడవచ్చు. వైపర్ తుడిచే ప్రాంతంలోనే కెమెరా ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది.

ఆరో పరీక్ష ఫైలు సైజు. ఇది బ్యాంకు వాళ్లకు సరదాగా ఉంటుంది. వీడియో సాఫీగా, వివరంగా ఉండాలంటే సెకనుకు సరిపడా డేటా రాయాలి. దాన్నే బిట్‌రేట్ అంటారు. ఒక నిమిషం ఫైలు సైజును మెగాబైట్లలో చూసి, 8తో గుణించి 60తో భాగించండి. 120 మెగాబైట్లుంటే సెకనుకు 16 మెగాబిట్లు. రెండు కెమెరాలూ 4కే అన్నాయనుకోండి. ఒకే రకం కుదింపు పద్ధతి వాడుతూ, ఒకటి నిమిషానికి 200 మెగాబైట్లు, ఇంకొకటి 60 మెగాబైట్లు రాస్తుంటే, ఆ రెండోది కదిలే వాటి వివరాన్ని చెరిపేస్తోందన్నమాట. ఆకులు, రోడ్డు కంకర, ప్లేటు అంచులు చూడండి, ముద్దగా కనిపిస్తాయి. హెచ్.265 పద్ధతిలో రాసే కెమెరాకు పాత హెచ్.264 కంటే తక్కువ డేటా చాలు కాబట్టి, పోల్చేటప్పుడు రెండింటి పద్ధతీ ఒకటే అని చూసుకోండి. కార్డు సైజుకూ ఇదే లెక్క. 16 మెగాబిట్లయితే గంటకు 7.2 జీబీ, 64 జీబీ కార్డు 9 గంటల లోపే నిండి పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేలోపే ఉదయం వీడియో చెరిగిపోవచ్చు.

కెమెరా తప్పు కానివి

తనిఖీలో బొమ్మ మసకగా వస్తే వెంటనే కెమెరాను తిట్టకండి. ముందు అద్దం లోపలి వైపు వేలితో తడిమి చూడండి. కొత్త కారు ప్లాస్టిక్ నుంచి వచ్చే పొర, అగరొత్తి పొగ, దుమ్ము కలిసి ఒక తెర కడతాయి. రాత్రి ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనిపించడానికి తరచుగా కారణం అదే. లెన్సు మీద అతికించిన పల్చటి ప్లాస్టిక్ కవరు తీశారా?

డ్యాష్‌బోర్డు మీద మనం పెట్టే స్వామివారి విగ్రహం, తెల్ల గుడ్డ, టోల్ రసీదులు ఎండకు అద్దం మీద ప్రతిబింబిస్తాయి. వీడియోలో ఆ దేవుడు ఆకాశంలో తేలుతుంటాడు. దేవుణ్ణి తీసేయమనను. కింద నల్లటి, మెరుపు లేని చాప వేయండి, రసీదులు గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. ఈ ప్రతిబింబాలు తగ్గించడానికి పోలరైజింగ్ ఫిల్టర్ అమ్ముతారు. పగలు బాగా పనిచేస్తుంది. కానీ అది సగం వెలుతురో, అంతకంటే ఎక్కువో మింగేస్తుంది, కాబట్టి రాత్రి ప్రయాణాలు ఎక్కువగా చేసేవాళ్లు ఆలోచించి పెట్టుకోవాలి.

మన ఎండలు వేరే పరీక్ష. ఎండలో నిలిపిన కారులో అద్దం దగ్గర వేడి చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా కంటే సూపర్ కెపాసిటర్ ఉన్నది ఆ వేడిని బాగా తట్టుకుంటుంది. కార్డు కూడా ఫోన్‌లో వాడే మామూలు రకం కాక, ఎప్పుడూ రాసే పనికి చేసిన హై ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి. నెలకోసారి ఫార్మాట్ చేయండి. ఆ రోజే తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. చెక్కు మీద తేదీ తప్పయితే మనమే వెనక్కి పంపుతాం కదా!

చదవలేనప్పుడు వినాలి

ఎంత మంచి కెమెరా అయినా కొన్నిసార్లు చేతులెత్తేస్తుంది. మా సహోద్యోగి ఒకరు ఓ సాయంకాలం హైవే మీద కుటుంబంతో వస్తుండగా ఒక బస్సు కారు వెనక భాగాన్ని రాసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. వెనక సీటులో ఉన్న వాళ్ల అమ్మగారి చెయ్యి విరిగింది. ఇంటికొచ్చి వీడియో చూస్తే బస్సు రంగు, దాని వెనక రాసిన రాతలు ఉన్నాయి, ప్లేటు మాత్రం తెల్ల మచ్చ. అయితే ఆ క్షణంలో వాళ్లావిడ భయపడుతూనే ఆ బస్సు నంబరు గట్టిగా రెండుసార్లు చదివారు. మైకు ఆన్‌లో ఉంది. ఆ గొంతు వీడియోలో నిలిచింది. పోలీసు ఫిర్యాదులో నంబరు రాయగలిగారు.

అందుకే ఇంట్లో అందరికీ ఒక అలవాటు చేయండి. ఏదైనా జరిగితే కంటికి కనిపించిన నంబరు పైకి చదవండి. బొమ్మలో లేనిది మాటలో ఉంటుంది. ఇంటి సంగతులు రికార్డవుతాయని ఇబ్బందిగా అనిపిస్తే మామూలు రోజుల్లో మైకు ఆపుకోవచ్చు. దూర ప్రయాణాల్లో ఆన్ చేయండి.

జరిగిన తర్వాత

ప్రమాదం జరిగిందంటే ముందు మనుషులు, తర్వాత కార్డు. కారు నడుస్తున్నంత సేపూ కొత్త వీడియో పాతదాని మీద రాసుకుంటుంది కాబట్టి, గాయపడినవాళ్లకు సాయం అందాక కెమెరా ఆపి కార్డు బయటికి తీయండి. ఫైలు పేరు మార్చకండి, కత్తిరించకండి. ఒక నకలు తీసుకుని, అసలు కార్డు భద్రంగా పెట్టండి.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. వీడియోను కోర్టుకు ఇచ్చేటప్పుడు దానితో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించిన కొత్త ఫైలు, కాబట్టి దాని వేలిముద్ర వేరు. బంధువులకు చూపించడానికి అది చాలు. పోలీసులకు, బీమా సర్వేయరుకు మాత్రం అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఇతరుల ముఖాలు, నంబర్లు ఉన్న ఆ వీడియోను సోషల్ మీడియాలో పెట్టే తొందర వద్దు.

చివరగా, "ఏది కొనమంటారు?" అన్న ప్రశ్నకు. కంపెనీ పేరు నేను చెప్పను. పరిమిత బడ్జెట్‌లో పేరుకు మాత్రమే 4కే అయిన కెమెరా కంటే, మంచి సెన్సర్‌తో హెచ్‌డీఆర్ ఉన్న 1440పీ కెమెరా రాత్రి పూట ఎక్కువ చదవగలదు. ఇప్పటికే కొని ఉంటే ఈ ఆదివారం రాత్రి ఒకసారి పార్కింగులోకి దిగండి. టేపు పిల్లలు పట్టుకుంటారు. ఏ దూరం దాకా మీ కెమెరా నంబరు చదవగలదో తెలుసుకుని, ఆ మీటర్లు ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్స్‌లో ఉంచండి. మీ కెమెరా మీద ఎంతవరకు ఆధారపడవచ్చో కారు నడిపే అందరికీ తెలుస్తుంది.

జాగ్రత్తగా ఇళ్లకు చేరండి.